కడుపు కోసే ముందు చెప్పాల్సిన మాట

కడుపు ఆపరేషన్ తర్వాత పేగులు ఒకదానికొకటి, లేదా పొట్టగోడకో గర్భసంచికో అతుక్కుపోవడం అరుదైన విషయం కాదు. పొట్ట తెరిచి చేసిన ఆపరేషన్ల తర్వాత చాలామందిలో ఎంతో కొంత అతుకు ఏర్పడుతుంది. లోపలి అవయవాలను కప్పి ఉండే పల్చని పొర కత్తి తగిలినా, గుడ్డ రాసుకున్నా, గాలికి ఆరినా దెబ్బతింటుంది. ఆ చోట ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. అది నాలుగైదు రోజుల్లో కరిగిపోవాలి. కరగకపోతే క్రమంగా నారలా గట్టిపడి, కదలాల్సిన పేగును కదలనివ్వకుండా పట్టేస్తుంది. లాపరోస్కోపీలో ఈ బెడద తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఎక్కువమందికి దీనివల్ల ఏ ఇబ్బందీ తెలియదు. కొందరికి మాత్రం తిన్నాక మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, బరువెత్తితే లోపల లాగినట్టుండటం ఏళ్ల తరబడి వదలవు. పేగు మెలికపడి మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. గర్భనాళాలు అతుక్కుంటే పిల్లలు పుట్టడం కష్టమవుతుంది. తర్వాత ఎప్పుడైనా మళ్లీ పొట్ట తెరవాల్సి వస్తే పేగుకు గాయమయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. స్కాట్లాండులో 1986లో పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న 29,790 మందిని పదేళ్లు గమనించి, ఆ ఫలితాలను 1999లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. అతుకుల వల్లనో, అతుకులతో సంబంధం ఉండొచ్చనుకున్న కారణాల వల్లనో, అతుకులు చిక్కు తెచ్చిపెట్టగల మరో ఆపరేషన్ కోసమో మూడోవంతు మంది మళ్లీ ఆస్పత్రిలో చేరారు. కచ్చితంగా అతుకులే కారణమని తేలినవి ఆ చేరికల్లో ఆరు శాతంలోపే. అయినా ఇది దాచదగిన సంగతి కాదు.

ఈ ముక్క ఆపరేషన్‌కు ముందే, రోగికి అర్థమయ్యే భాషలో చెప్పకుండా తీసుకున్న సంతకం అంగీకారం కాదు. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన చిక్కబళ్లాపుర జిల్లాలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. బడిలో చదివింది కన్నడం. ఆస్పత్రిలో ముందుకు తోసే కాగితం చాలాసార్లు ఇంగ్లీషు. చిన్న అక్షరాల కింద గీత, పక్కన ఇంకు ప్యాడు, ‘ఇక్కడ వేలు పెట్టమ్మా’ అన్న ఒక్క మాట. అప్పటికే చేతికి సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. ఏ మనిషి ఏం ఆలోచించగలదు అప్పుడు?

చట్టం ఈ విషయంలో మూగగా లేదు. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గం ఉందా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవన్నీ రోగికి తెలిపితేనే అంగీకారం చెల్లుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల మీద 2016లో దేవికా బిశ్వాస్ కేసు తీర్పు ఇంకో అడుగు ముందుకేసింది. పర్యవసానాలను మనిషికి అర్థమయ్యే భాషలో వివరించాలనీ, సంతకానికి ముందు ఆలోచించుకోవడానికి సుమారు గంట వ్యవధి ఇవ్వాలనీ ఆదేశించింది. ట్యూబెక్టమీకి వర్తించే ఈ మర్యాద సిజేరియన్‌కు, అపెండిక్స్‌కు, గర్భసంచి తొలగింపునకు ఎందుకు వర్తించకూడదు?

భయపెడితే రోగి ఆపరేషనే మానేస్తాడని కొందరు డాక్టర్లంటారు. మారుమూల ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని 2008 తీర్పే చెప్పిందనీ గుర్తుచేస్తారు. నిజమే. కానీ అంతమందిలో ఏర్పడే అతుకులు మారుమూల ప్రమాదం ఎలా అవుతాయి? పేగు చిట్లి ప్రాణం పోయే వేళ ఎవరూ ఉపన్యాసం కోరరు. అప్పుడు ముందు కత్తి, తర్వాత మాట. తేదీ ఇచ్చి, అడ్వాన్సు కట్టించుకుని చేసే ఆపరేషన్‌కు మాత్రం తొందర సాకు చెల్లదు.

చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం నొప్పి మొదలయ్యాక బయటపడుతుంది. స్కానింగులో అతుకులు చాలావరకు కనపడవు. రిపోర్టు ‘నార్మల్’. దాంతో ‘గ్యాస్’ అని ఒకరు, ‘మనసులో బెంగ’ అని మరొకరు తేల్చేస్తారు. శిడ్లఘట్ట వైపు పట్టుపురుగుల తట్టలు మోసే ఆడమనిషికి ఇంట్లో కూడా ‘సాకులు చెబుతోంది’ అన్న పేరొస్తుంది. చివరికి అతుకులు విడదీసే మరో ఆపరేషన్‌కు అప్పు పుట్టిస్తారు. దీర్ఘకాలపు నొప్పికి అలా విడదీయడం వల్ల, ఊరికే లోపల చూసి మూసేసినదానికంటే మేలేమీ కనపడలేదని నెదర్లాండ్స్‌లో వందమందిపై జరిపిన పరీక్ష 2003లోనే తేల్చింది. విడదీసిన చోట మళ్లీ అతుక్కోవడమూ మామూలే. పేగు మూసుకుపోయినప్పుడు సంగతి వేరు. ఉత్త నొప్పికి మళ్లీ కత్తి పట్టేవారు ఈ నిజం ముందే చెప్పి తీరాలి.

జిల్లా ఆరోగ్యశాఖ ప్రతి ఆస్పత్రికీ అంగీకార పత్రాన్ని కన్నడం, తెలుగు, ఉర్దూల్లో ఇవ్వాలి. అందులో అతుకుల గురించి ఒక వాక్యం తప్పనిసరి చేయాలి. ముందే నిర్ణయించిన ఆపరేషన్లకు ఆ కాగితం ఒకరోజు ముందే ఇంటికి పంపాలి. చదవలేనివారికి నర్సు చదివి వినిపించాలి. వాంతులు, ఉబ్బిన పొట్ట, విరేచనం గాని గాలి గాని పోకపోవడం కలిసి వస్తే వెంటనే ఆస్పత్రికి రావాలన్న హెచ్చరిక డిశ్చార్జ్ కాగితంలో ఉండాలి.

రోగులూ ఒక పని చేయాలి. ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన నోట్సు నకలు అడిగి తీసుకుని దాచుకోవాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతూనే ఉంది.