హైబ్రిడ్ అంటే తెలిసే విత్తనం కొనాలి: కేతేపల్లి రైతుల సభ తీర్మానం

విషయం: ‘హైబ్రిడ్’ అనే మాట అర్థాన్ని వానాకాలం సాగుకు ముందే రైతులందరికీ తెలియజేయడం, విత్తనం కొనుగోలులో ఆ వివరం రాతపూర్వకంగా తీసుకోవడం గురించి.

మూసీ కాలువ కింద వరి, చెలకల్లో పత్తి వేసే మన దగ్గర హైబ్రిడ్ అన్న మాట పలకని రైతు లేడు. అయినా దాన్ని కొందరు మంచి విత్తనమనీ, కొందరు బీటీ అనీ అనుకుంటున్నారు. ఈ పొరపాటు పెట్టుబడికి ముప్పు తెస్తున్నందున సభ ఈ కింది విషయాలను పరిశీలించింది.

1. లాటిన్‌లో హిబ్రిడా అంటే ఊరపందికి, అడవిపందికి పుట్టిన పిల్ల. రెండు వేరు వేరు తల్లిదండ్రుల సంతానమన్న ఆ అర్థమే మొక్కలకూ వర్తించింది. 1866లో గ్రెగర్ మెండెల్ ప్రచురించిన బఠానీ ప్రయోగాల వ్యాసం పేరులోనే ఈ మాట ఉన్నది.

2. మెండెల్ గుండ్రటి గింజల బఠానీని ముడతల గింజల బఠానీతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. ఆ గింజలనే విత్తితే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి పండాయి. దాగిన గుణం రెండో తరంలో బయటపడింది. హైబ్రిడ్ పంట గింజను మళ్లీ విత్తితే చేను ఒక్కతీరుగా రాకపోవడానికి కారణం ఇదే.

3. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పత్తి, వేసే రైతులు సాయంత్రం ఆడ వరుసలోని మొగ్గ తొడుగు ఒలిచి కేసరాలు తీసేస్తారు. తెల్లవారి మగ వరుస పువ్వు తెచ్చి దాని పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. ఒక్కొక్క మొగ్గకూ ఇంత చేతిపని ఉన్నందునే ఆ విత్తనం ఖరీదు.

4. హైబ్రిడ్, బీటీ ఒకటి కావు. సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 హైబ్రిడ్ పత్తి 1970లోనే వచ్చింది. బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ పత్తికి దేశంలో అనుమతి దొరికింది 2002లో.

5. సాంబ మసూరి, తెలంగాణ సోన హైబ్రిడ్‌లు కావు, రకాలు. వరి పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది గనుక వాటి గుణం తరతరానికీ నిలుస్తుంది. పండించిన గింజను దాచుకునే, విత్తుకునే, పంచుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం మనకిచ్చింది.

కావున ఈ సభ ఇలా తీర్మానిస్తున్నది:

అ) విత్తనం కొనేటప్పుడు హైబ్రిడా, రకమా అన్నది, లాట్ నంబరు బిల్లులో రాయించుకోవాలి. బిల్లును, ఖాళీ సంచిని పంట ఇంటికొచ్చేదాకా భద్రపరచాలి.

ఆ) హైబ్రిడ్ పంట గింజను విత్తనానికి ఉంచరాదు. రకాలైతే పొలంలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరిపారేసి, విడిగా నూర్చి, ఆరబెట్టి దాచాలి. వంద గింజలు మొలకకట్టి 80కి తగ్గకుండా మొలిస్తేనే నారు పోయాలి.

ఇ) సీజనుకు ముందే రైతు వేదికలో ఈ సంగతులు వివరించాలని మండల వ్యవసాయ అధికారిని కోరాలి.

ఈ) ఉన్నత పాఠశాల పిల్లలకు పత్తి చేనులో మొగ్గను విప్పి సంకరం చేసే తీరు చూపించాలి.

రైతు సోదర సోదరీమణులకు సభ విన్నపం: సంచి మీది బొమ్మను, దుకాణదారు మాటను నమ్మి డబ్బు కట్టకండి. ముందు ‘ఇది హైబ్రిడా, రకమా?’ అని అడగండి. జవాబు కాగితం మీద రాసివ్వని చోట విత్తనం కొనకండి.