ఒకటే పని పట్టుకోమనే వాళ్ళకు

వీడియో గేములను నవ్విస్తూ సమీక్షించేవాడు ఆ నవ్వించడం ఒక్కటే చూసుకోవాలట. పక్కన ఒక నవల రాయడం, సొంతంగా ఒక ఆట తయారుచేయడం, నలుగురితో కలిసి ఒక దుకాణం తెరవడం లాంటివి పెట్టుకుంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టేనట. ఈ నమ్మకం ఇప్పుడు రెండు వైపుల నుంచి వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్ళు "ఒకటే పని నెట్టగా చెయ్యప్పా, పదిటికీ చెయ్యి పెడితే ఒక్కటీ కాదు" అంటారు. ఛానెల్ పెంచుకోవడం నేర్పే కొత్త గురువులు "ఒకే రకం వీడియోలు, ఒకే భాష, మార్చావా, యూట్యూబ్ నిన్ను ఎవరికీ చూపించదు" అంటారు. మరే విషయంలోనూ ఒకరి మాట ఒకరికి పొసగని ఈ రెండు వర్గాలూ ఇక్కడ మాత్రం ఒక్కటయ్యాయి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పిల్లల్లో ఫోను పట్టుకుని ఆటల మీద తమాషా వీడియోలు చేసేవాళ్ళు ఈ రెండు మాటల మధ్య నలిగిపోతున్నారు. ఈ సలహా తప్పని, పిల్లలకు హాని చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ వృత్తికి ఇవాళున్న రూపం తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు బెన్ క్రోషా. అభిమానులకు యాట్జీ అంటేనే తెలుస్తుంది. 1983లో ఇంగ్లండ్‌లోని రగ్బీ పట్టణంలో పుట్టాడు. ఆస్ట్రేలియాకు వెళ్ళి బ్రిస్బేన్‌లో ఉంటూ 2007లో రెండు చిన్న వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. పసుపుపచ్చ తెర, నాలుగు గీతల్లో తేల్చేసిన నల్లటి తెల్లటి బొమ్మలు, ఊపిరి తీసుకోకుండా తరుముకొచ్చే మాట. ది ఎస్కేపిస్ట్ అనే ఇంటర్నెట్ పత్రిక పిలిచి వారానికొకటి చెయ్యమంది. జీరో పంక్చుయేషన్ అనే ఆ సమీక్షలు పదహారేళ్ళు నడిచాయి. ఎంత పెద్ద సంస్థ ఎన్ని కోట్లు పోసి తయారుచేసిన ఆటైనా సరే, అందులోని డొల్లతనాన్ని అయిదారు నిమిషాల్లో విప్పి చూపించేవాడు.

అతని కథను చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అందుకే మిగతావన్నీ వాళ్ళ కళ్ళకు పక్కపనులుగా కనిపిస్తాయి. ఏళ్ళు సరిగా చూస్తే లెక్క తిరగబడుతుంది. 2003లోనే క్రోషా 'ఫైవ్ డేస్ ఎ స్ట్రేంజర్' అనే ఆటను తయారుచేశాడు. ట్రిల్బీ అనే దొంగ ఒక పాత బంగళాలోకి దూరతాడు, తిరిగి బయటపడలేడు. లోపల అతనిలాగే చిక్కుకున్న మరికొందరుంటారు, ఒక్కొక్కరే చనిపోతుంటారు. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఉచిత సాధనంతో దీన్ని చేసి, ఆడుకోదలచినవాళ్ళకు ఊరికే ఇచ్చేశాడు. 2004లో రెండోది, 2006లో మూడోది వచ్చాయి. నాలుగోది వచ్చిన 2007లోనే సమీక్షలూ మొదలయ్యాయి. అంటే పక్కపని అని జనం అంటున్నదే ముందు పుట్టింది.

ఎవరు ముందు, ఎవరు వెనక అనే పంతం కోసం దీన్ని చెప్పడం లేదు. ఆ నవ్వుకు పదును ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ వరస తెలియాలి. తెర మీద ఒక బటన్ గుర్తు మెరిసి, ఆ క్షణంలోనే నొక్కకపోతే పాత్ర చచ్చిపోయే ఘట్టాలుంటాయి చూడండి, వాటిని అతను ఏళ్ళ తరబడి ఉతికి ఆరేశాడు. ఆడేవాణ్ణి ప్రేక్షకుడిగా కూర్చోబెట్టి, అప్పుడప్పుడు చప్పట్లు కొట్టించుకునే పద్ధతి అది. ఒక్కసారైనా తలుపు, తాళంచెవి, వాటి మధ్య ఒక చిక్కుముడి తానే అమర్చినవాడికి ఆ ఘట్టంలోని సోమరితనం వెంటనే తెలిసిపోతుంది. మిగతావాళ్ళకు చిరాకు మాత్రమే కలుగుతుంది. ఆ చిరాకుకు కారణం ఫలానా అని వేలు పెట్టి చూపగలిగితేనే హాస్యం పుడుతుంది. లేకపోతే అది తిట్టు. మన కుర్రాళ్ళ వీడియోల్లో తిట్టు ఎక్కువై నవ్వు పలచబడుతోందంటే, ఆటను లోపలి నుంచి చూసే అవకాశం వాళ్ళకు ఎవరూ ఇవ్వకపోవడమే కారణం. అదే క్రోషా, 2007లో పోర్టల్ అనే చిన్న ఆట వచ్చినప్పుడు, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదని బాహాటంగా ఒప్పుకున్నాడు. వంకలు వెతకడమే వృత్తి అయినవాడు అంత తేలిగ్గా తలవంచాడంటే, పనితనం కనబడితే గుర్తుపట్టే చెయ్యి అతనిది.

నవలల సంగతి. 2010లో వచ్చిన 'మాగ్‌వర్ల్డ్'లో కథ చెప్పేది ఒక ఆన్‌లైన్ ఆట లోకంలోని చిల్లర పాత్ర. చచ్చి, మళ్ళీ లేపబడి, ఇక శాశ్వతంగా చచ్చిపోతే బాగుండునని తపించే మనిషి. వేలమంది సరదాగా నరికి పారేసే పాత్ర వైపు నుంచి ఆ లోకం ఎలా ఉంటుందో ఆ పుస్తకం చూపిస్తుంది. ఈ చూపును ఆరు నిమిషాల సమీక్షలో ఇరికించడం కుదరదు. 2012లో 'జామ్' వచ్చింది. బ్రిస్బేన్ నగరాన్ని మనుషులను తినే స్ట్రాబెరీ జామ్ ముంచెత్తుతుంది. 2017లో వచ్చిన 'విల్ సేవ్ ద గెలాక్సీ ఫర్ ఫుడ్' నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. మనుషులను క్షణంలో ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే యంత్రం రావడంతో అంతరిక్ష నౌకల పైలట్లు పని పోయి రోడ్డున పడతారు. ఒక్క నైపుణ్యాన్నే నమ్ముకున్నవాళ్ళ గతి ఏమవుతుందో చెప్పే హాస్య నవల అది.

పక్కపనులన్నీ గెలిచాయని నేననడం లేదు. 2010లో బ్రిస్బేన్‌లో మిత్రులతో కలిసి అతను తెరిచిన మనా బార్, అంటే తాగుతూ ఆటలాడుకునే చోటు, 2015లో మూతపడింది. ఎదుటివాళ్ళు ఇలాంటివే ఎత్తిచూపుతారు. "చూశారా, ఉన్నదాన్ని వదిలి ఎగబడితే ఇంతే" అంటారు. ఉన్నదాన్ని ఎక్కడ వదిలాడు? బార్ తెరిచిన ఏడూ, మూసిన ఏడూ కూడా సమీక్షలు వస్తూనే ఉన్నాయి. పోయింది ఆ బార్ ఒక్కటే. అతని చెయ్యి ఆగలేదు. తర్వాత, 2019లో, నెలకో చిన్న ఆట చొప్పున పన్నెండు చెయ్యాలని పూనుకుని, చేస్తున్న తీరునూ ఎదురైన చిక్కులనూ వీడియోలుగా జనం ముందు పెట్టాడు. ఇతరుల పనిని వారం వారం తూచినవాడు, తన పని పచ్చిగా ఉండగానే అందరి కళ్ళముందు పెట్టాడన్నమాట. విమర్శకుడిలో ఈ గుణాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. 2024లో విడుదలైన అతని పెద్ద ఆట 'స్టార్‌స్ట్రక్ వ్యాగబాండ్' ఆ సాధనలోంచి ఎదిగినదే.

ఇక అసలు దెబ్బ. 2023 నవంబర్‌లో ది ఎస్కేపిస్ట్ సొంతదారు సంస్థ సంపాదకుడు నిక్ కలాండ్రాను తొలగించింది. వీడియో బృందమంతా రాజీనామా చేసింది. క్రోషా కూడా బయటికి వచ్చాడు. కానీ జీరో పంక్చుయేషన్ అనే పేరు అతనితో రాలేదు. పదహారేళ్ళు తన గొంతుతో, తన బొమ్మలతో నిలబెట్టిన పేరు, అప్పటి కాగితాల ప్రకారం సంస్థది. అందరూ సెకండ్ విండ్ అనే కొత్త సంస్థ పెట్టుకున్నారు. కొత్త సమీక్షలకు అతను ఫుల్లీ రాంబ్లోమాటిక్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? ఎన్నో ఏళ్ళ కిందట తన ఆటలూ రాతలూ పెట్టుకోవడానికి సొంతంగా నడుపుకున్న వెబ్‌సైట్‌ది. ఒకటే పని సిద్ధాంతం ప్రకారం అతని ఆస్తి అనుకున్నది కంపెనీ దగ్గర ఉండిపోయింది. పనికిమాలినవని ఆ సిద్ధాంతం తీసిపారేసేవి అతని చేతిలో మిగిలాయి. ఈ ఒక్క సంగతి తెలిశాక కూడా పిల్లలకు ఆ సలహా ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎక్కడో విదేశీ కంపెనీల గొడవ మనకెందుకంటారా? మన దగ్గరా జరిగింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించారు. సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ పోయింది. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023లో మళ్ళీ రానిచ్చారు. మధ్యలో, 2022 ఫిబ్రవరిలో, ఫ్రీ ఫైర్ మీదా నిషేధం పడింది. ఒకే ఆట మీద, ఒకే యాప్ మీద పేరు కట్టుకున్న కుర్రాళ్ళకు ఒక్క సాయంత్రంలో కాళ్ళకింద నేల కదిలింది. వాళ్ళు సోమరులు కారు. గురువులు చెప్పినట్టే ఒకటే పట్టుకున్నారు.

పెద్దవాళ్ళ మాటకు వస్తే నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. వాళ్ళు బతికే తీరుకూ చెప్పే మాటకూ పొంతన లేదు. మా చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. చిత్రావతి, ఉత్తర పెన్న ఈ కొండల్లోనే పుట్టినా వానలప్పుడు తప్ప కనబడేది ఇసుకే. వెయ్యి అడుగులు తవ్వినా బోరులో నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. అలాంటి నేల మీద మా రైతులు పట్టునూ పాలనూ జోడించుకుని నిలబడ్డారు. పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాయి, పాలు పొద్దునా సాయంత్రం డెయిరీకి పోతాయి, మిగిలిన చెక్కలో టమాటా వేసి చింతామణికి తోలతారు. గూళ్ళ ధర పడిపోయిన నెలలో పాల డబ్బు ఇల్లు గడుపుతుంది. ఇంత తెలివి ఉన్న ఇంట్లో, కొడుకు సమీక్షలతో పాటు కథలు రాస్తానంటే "ఒకటే పట్టుకో" అనడం ఎందుకు?

బాగేపల్లిలో ఆ మాట అనేవాళ్ళు నేషనల్ కాలేజీ వైపు ఒకసారి చూడాలి. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య గారి వృత్తి భౌతికశాస్త్రం చెప్పడం. అమెరికా వెళ్ళి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి వచ్చారు. పాఠం చెప్పుకుని ఊరుకోలేదు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టారు, మహిమల పేరుతో జరిగే మోసాల మీద విచారణ సంఘం నడిపారు, వెనకబడిన గౌరిబిదనూరుకూ బాగేపల్లికీ కాలేజీలు తెచ్చారు. ఆయన ఒకటే పని పట్టుకుని ఉంటే మా ప్రాంతంలో ఎన్ని ఇళ్ళల్లో మొదటి డిగ్రీ వచ్చేది?

ఇంకొంచెం దగ్గరి పోలిక కావాలంటే తెలుగులోనే ఉంది. ముళ్ళపూడి వెంకటరమణ గారు ఆంధ్ర పత్రికలో ఉద్యోగం చేస్తూ సినిమాల మీద చమత్కారంగా రాసేవారు. ఆ రోజుల్లోనే బుడుగూ పుట్టాడు. ఆయన్ని సమీక్షలకే కట్టేసి ఉంటే బుడుగు లేడు. తర్వాత 1962లో 'రక్త సంబంధం'కు మాటలు రాశారు. అన్నాచెల్లెళ్ళ కథతో హాలంతా ఏడ్చిన సినిమా అది. నవ్వించేవాడు నవ్వించడమే చెయ్యాలన్న సూత్రాన్ని ఆయన మొదటి సినిమాతోనే చెరిపేశారు. 'సాక్షి', 'ముత్యాల ముగ్గు' ఆ తర్వాతివి. కొడవటిగంటి కుటుంబరావు గారు ఒకపక్క సినిమా మీద నిక్కచ్చిగా వ్యాసాలు రాస్తూనే, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపారు.

ఎదుటివాళ్ళ వాదనలో బలమైన మాట ఒకటుంది: టైము. పొద్దున కాలేజీ, సాయంత్రం పట్టుపురుగులకు ఆకు, రాత్రి వీడియో, మధ్యలో నవల ఎక్కడ? ఇది నిజమైన ఇబ్బందే. క్రోషాకు సమీక్షల మీద ఆదాయం ఉండేది, మన కుర్రాడికి లేదు. అయితే దీనికి మందు పక్కపని మానడం కాదు, దాని కొలత తగ్గించడం. క్రోషా తొలి ఆటలు పెద్ద బృందాలతో, పెద్ద ఖర్చుతో చేసినవి కావు. పేరు కోసం వారానికి ఏడు వీడియోలు చేసి గొంతు పోగొట్టుకుంటున్న కుర్రాళ్ళకు, అందులో రెండు మానేసి ఆ రాత్రులు వేరే పనికి ఇవ్వమని చెప్పేవాళ్ళు కావాలి.

భాష సంగతిలో ఆ గురువులు చెప్పేది మరీ పొరపాటు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు, ఆటలు ఇంగ్లీషులో ఆడతారు. మూడు భాషలూ ఒకే నోట్లో తిరిగే చోట పుట్టే చమత్కారం హైదరాబాదులో పుట్టదు, మైసూరులో పుట్టదు. మా ప్రాంతపు యోగి కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు; గాజులమ్ముకుని బతికిన మనిషని మా ఊళ్ళల్లో చెప్పుకుంటారు. ఒక భాష ఎంచుకోమని ఆయనకు ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే మా ప్రాంతానికి ఎంత నష్టం!

అడ్వెంచర్ గేమ్ స్టూడియో ఇప్పటికీ ఉచితమే. దానికి ఖరీదైన కంప్యూటరూ అక్కర్లేదు. గుడిబండ కోటలో వాననీటిని ఒకదాని నుంచి ఒకదానికి దింపే బండదోనెలున్నాయి. ఏ గట్టు తెరిస్తే ఏ దోనె నిండుతుంది, నీళ్ళు పైనుంచి కిందిదాకా చేర్చి కోటను ముట్టడి నుంచి ఎలా కాపాడాలి అనే చిక్కుముడి ఆ కొండ మీద సిద్ధంగా ఉంది. బాగేపల్లిలో పెద్ద కంపెనీల ఆటలను అంత చక్కగా వెక్కిరించే పిల్లలు ఈ ఒక్క కోటతో, ఒక్క తెరతో, మన మాటలతో ఒక ఆట చేసి చూడాలి. కాలేజీలు ఆదివారం ల్యాబు తాళం తీసి ఇవ్వాలి. ఇంట్లోవాళ్ళు ఆ ఒక్కపూట ఆకు తాము వేసుకుంటే చాలు.