నలిపి వదిలితే శుభ్రమైనట్టా?

అంటార్కిటికాలో మురుగునీటిని నేరుగా సముద్రంలోకి వదలొచ్చు. ఇది ఎవరో చాటుగా చేస్తున్న తప్పు కాదు. ఆ ఖండాన్ని కాపాడటానికి 1991లో సంతకాలు చేసుకున్న మాడ్రిడ్ ప్రోటోకాలే ఇచ్చిన అనుమతి. మురుగు త్వరగా పలచబడి చెదిరిపోయే చోటైతే చాలు. వేసవిలో సగటున 30 మంది, అంతకు మించి ఉండే కేంద్రాలు మాత్రం కనీసం దాన్ని మెత్తగా నలిపి వదలాలి. అంటే మిక్సీ చేసే పనే. ముక్కలు చిన్నవవుతాయి, మలంలోని బ్యాక్టీరియా అలాగే ఉంటుంది.

సముద్రం పెద్దది, అన్నీ కలిసిపోతాయన్నది ఈ నిబంధన వెనకున్న నమ్మకం. ధ్రువ తీరంలో ఆ నమ్మకం నిలవదు. అక్కడి నీరు దాదాపు మైనస్ 1.8 డిగ్రీలదాకా చల్లబడుతుంది. మన పేగుల్లోని ఇ-కొలై ఆ చలిలో పెరగదు, కానీ వెంటనే చావదు కూడా. దాన్ని చంపేది ముఖ్యంగా సూర్యకాంతి. శీతాకాలంలో ఎండే ఉండదు. పైన పేరుకున్న మంచు అలలనూ గాలినీ అడ్డుకోవడంతో నీరు కలవడమూ తగ్గుతుంది.

ఆస్ట్రేలియా కేంద్రం డేవిస్ దగ్గర పరిశోధకులు దీన్ని పరిశీలించారు. మురుగు గొట్టం సమీపంలోని చేపల మొప్పల్లో, కాలేయాల్లో కణజాలం దెబ్బతిని కనిపించింది. మనుషుల నుంచి వచ్చిన ఇ-కొలై ఒక ఆల్చిప్పలో దొరికింది, అదీ యాంటీబయోటిక్ నిరోధకతను మోసే జన్యుభాగంతో సహా. సీళ్లలో, పెంగ్విన్లలో ఆ జన్యుభాగం కనిపించలేదు. ఊరట కలిగించే సంగతే, కానీ అలా కనిపించేదాకా ఆగాలా?

ఖండం మొత్తానికి వేసవిలో కొన్ని వేల మందే కదా అనేవారున్నారు. ఆ కొన్ని వేల మందిలో చాలామంది ఉండేది మంచు లేని తీరపు ముక్కల్లోనే. ఖండంలో మంచు లేని నేల ఒక శాతం కూడా లేదు. పెంగ్విన్లు గూళ్లు పెట్టుకునేదీ అక్కడే.

శుద్ధి అసాధ్యమేమీ కాదు. అమెరికా కేంద్రం మెక్‌ముర్డోలో, బ్రిటన్ కేంద్రం రొథెరాలో 2003లోనే ప్లాంట్లు మొదలయ్యాయి. ఖర్చవుతుంది, చలిలో నడపడం కష్టం, నిజమే.

భారత్‌కు ఈ విషయంలో మాట ఉంది. 1983 నుంచి అంటార్కిటిక్ ఒప్పందంలో నిర్ణయాధికారం ఉన్న సభ్యదేశం. 2022లో సొంత చట్టం చేసుకుంది, 2024లో ఒప్పంద దేశాల సమావేశాన్ని కొచ్చిలో జరిపింది. మన భారతి కేంద్రమున్న లార్స్‌మన్ కొండలు డేవిస్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరమే. 1989 నాటి మైత్రి స్థానంలో కొత్త కేంద్రం కట్టే ప్రయత్నమూ సాగుతోంది. అక్కడ శుద్ధి ప్లాంటుతో పాటు, బయటికి వదిలే నీటి పరీక్షల ఫలితాలు ఏటా ప్రజల ముందు పెట్టే ఏర్పాటూ ఉండాలి. ఆ లెక్కలు చేతిలో పట్టుకుని, 30 మంది నిబంధనను మార్చమని తర్వాతి సమావేశంలో మనమే అడగొచ్చు.