బూట్లు తెమ్మన్న హీరో

జేమ్స్ బాండ్ సినిమా అంటే మన కుర్రాళ్లకి కార్లు, తుపాకులు, ఫైటింగులు గుర్తొస్తాయి. మాకు ఒక జత బూట్లు గుర్తొస్తాయి.

1962లో వచ్చిన 'డాక్టర్ నో' ఆ వరసలో మొదటి సినిమా. కథ జమైకాలో జరుగుతుంది. లండన్ నుంచి దిగిన తెల్ల గూఢచారి బాండ్‌కి క్వారెల్ అనే నల్లజాతి పడవవాడు తోడు. పడవ అతనిది. సముద్రం తెలిసిందీ అతనికే. ప్రాణాలకు తెగించి శత్రువు దీవికి చేర్చిందీ అతనే. ఆ దీవి మీద బాండ్ అతన్ని తన బూట్లు తెమ్మని పురమాయిస్తాడు. సాటి మనిషిని అడిగినట్టు అడగడు. జీతగాడికి చెప్పినట్టు చెప్తాడు. సినిమా ఆ మాట దగ్గర క్షణం కూడా ఆగదు.

దీవిలో రాకాసి ఉందని క్వారెల్ భయపడితే బాండ్ కొట్టిపారేస్తాడు. తీరా చూస్తే అది మంటలు చిమ్మే ఇనప బండి. ఆ మంటల్లో కాలిపోయింది క్వారెలే. హీరో బతికాడు.

ఆ వేషం కట్టిన జాన్ కిట్జ్‌మిల్లర్ సామాన్యుడా? 1957లో కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడు. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి నటుడు. అంతటివాడికి దక్కిన వేషం ఇది!

1962 ఆగస్టు 6న జమైకాకు స్వతంత్రం వచ్చింది. అక్టోబరులో ఈ సినిమా వచ్చింది. జెండా మారినా తెరమీద దొర మారలేదు.

దొరల గడప ముందు చెప్పులు చేతబట్టుకు నడిచిన మన తాతలకి ఇది కొత్త కథా? చెప్పులు కుట్టింది మనం. తొడుక్కోకూడదన్నదీ మనల్నే.

2021లో వచ్చిన 'నో టైమ్ టు డై'లో 007 నెంబరు నోమి అనే నల్లజాతి స్త్రీకి ఇచ్చారు. బాగుందనుకున్నాం. చివరికి ఆ నెంబరు బాండ్‌కే ఇమ్మని ఆమె నోటితోనే అడిగించారు. రిజర్వుడు సీటులో గెలిచిన మన సర్పంచిని పక్కన నిలబెట్టి పెత్తనం తామే చేసే ఊరి పెద్దలు మీకు గుర్తు రావడంలేదా?

సినిమా చూడొద్దని మేము అనం. చూడండి. పడవ నడిపేదెవరు, చచ్చేదెవరు, గెలుపు ఎవరి ఖాతాలో పడుతోంది, లెక్కగట్టండి. ఆ లెక్క తెలిసినోడు ఎవడి బూట్లూ మొయ్యడు.