పిల్లల యాటలు: చెఱిగిపోవు పందెపుబాట

జపానుదేశపు నింటెండో సంస్థవారు 1984వ సంవత్సరమున ‘ఎక్సైట్‌బైక్’ అను మోటారుసైకిలు పందెపు వీడియో ఆటను వెలువరించిరి. అందు ‘డిజైన్’ అను భాగ మొకటి కలదు. మిట్టలు, బురద, ఇంజిను వేడిని చల్లార్చు బాణపు గుర్తులు మున్నగువానిని పిల్లలే తమ యిచ్చవచ్చినట్లు కూర్చి పందెపుబాటను నిర్మింపవచ్చును. ఒక్కొక్క ముక్కకు నొక్కొక్క ఆంగ్లాక్షరము గుర్తు. నిటారు మిట్ట వెనువెంటనే మఱియొక మిట్ట నిలిపినచో దిగుటకు సమనేల లేక బండి బోల్తాపడవచ్చును. కావున నదెంత దూర మెగురునో యూహించి యెడము విడువవలయును. ఇది వట్టి కాలక్షేపము కాదని మేము తలంచుచున్నాము.

ఐతే కట్టిన బాట నిలుచు టెట్లు? జపానులో దానిని క్యాసెట్టు టేపుపై దాచు పరికరము వేఱుగా విక్రయింపబడెను. 1985లో అమెరికాలో వెలువడిన యాటయందు ‘సేవ్’ అను మాట తెరపై గలదు గాని, ఆ పరికర మచ్చటి యంగళ్లకు రానేలేదు! భోజనమునకు వేళయైనదని తల్లి యంత్రము నార్పినంతనే, బాలుడు గంటలకొలది కట్టిన బాట మాయమగుచుండెను. మనము ముగ్గును మఱునాడు చెఱిపివేసినను ముగ్గుల పుస్తకమును దాచుకొందుము గదా! అటులనే యా యక్షరములను, నడుమ విడిచిన యెడములను కాగితముపై వ్రాసికొనుటయే వారికి మిగిలిన యుపాయము. 2011లో ‘3డీఎస్’ యంత్రమునకై వచ్చిన కూర్పున బాటలను దాచుకొను వీలు కలిగి యీ శ్రమ తప్పినది.