నేల ఉసిరిక - పచ్చకామెర్లు

తొలకరి పడగానే చేలగట్లపైనా, పెరళ్లలోనూ తనంతట తానే మొలిచే చిన్న మొక్క నేల ఉసిరిక. రెమ్మల అడుగున ఆవగింజకంటె కాస్త పెద్దవైన పచ్చని కాయలు వరుసగా ఉంటాయి. దీనిని పోలిన మొక్కలు మరికొన్ని ఉన్నందున తెలిసినవారే కోయడం మంచిది.

పచ్చకామెర్లు సోకితే దీనిని వేళ్లతో సహా నూరి మజ్జిగలో ఇవ్వడం తరతరాల వాడుక. ఇది వట్టి మూఢనమ్మకమని కొట్టివేయనక్కర లేదు. హెపటైటిస్-బి క్రిమి ఉన్న 37 మందికి ఈ మొక్క పొడి ఇవ్వగా 22 మంది రక్తంలో దాని ఆనవాలు కనిపించలేదని మద్రాసు పరిశోధకులు 1988లో ప్రకటించారు. అయితే తరువాత ఇతరచోట్ల జరిపిన పరీక్షలలో అంతటి ఫలితం రాలేదు.

అసలు చిక్కు వేరే ఉన్నది. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొద్ది వారాలలో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతున్నది! ఆ ధీమాతోనే పిత్తాశయంలో రాళ్లున్నవారు, ఎలుక జ్వరం వచ్చినవారు కూడా పసరు తాగుతూ ఇంట్లోనే ఉండిపోతున్నారు. కళ్లలో పసరు పిండడం, చేతులపై వాతలు పెట్టడం మరీ దారుణం. చూపు పోవచ్చు, పుండు పడవచ్చు, కామెర్లు మాత్రం తగ్గవు.

పసరు తాగినా తాగకపోయినా రక్తపరీక్ష తప్పనిసరి. గర్భిణికి కళ్లు పచ్చబడితే ఒక్కపూట కూడా జాగు చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోగి మగతగా ఉన్నా, మాట తడబడినా అంతే.