విడుదల పత్రం సరే... పట్టా ఏదీ?

ఇటుక బట్టీ నుంచో, రైస్‌మిల్లు నుంచో వెట్టి కూలీలను విడిపించారన్న వార్త తిరువళ్లూరు జిల్లాకు కొత్త కాదు. ఆర్డీవో వస్తారు. విచారిస్తారు. విడుదల పత్రం ఇస్తారు. పేపర్లో ఫొటో పడుతుంది. మర్నాడు ఆ కుటుంబం ఎక్కడ తలదాచుకుందో మాత్రం ఎవరికీ పట్టదు.

సంకెళ్లు తెంచడం ఒక్కరోజు పని. తెంచాక మనిషిని నిలబెట్టడమే అసలు పని. అమెరికాలో జరిగిందీ ఇదే. 1865లో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. నల్లజాతి కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున భూమి ఇస్తామని సైన్యం ఆ ఏడాది మొదట్లో ఉత్తర్వు ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు జాన్సన్ ఆ భూములను పాత యజమానులకే తిరిగి ఇచ్చేశారు. ఓటు హక్కు వచ్చింది గానీ కాలికింద నేల రాలేదు. పాత దొర పొలంలోనే పాలుకు దున్నారు, విత్తనాలకు అప్పు చేశారు, ఆ అప్పుకే కట్టుబడిపోయారు. 1877 నాటికి పునర్నిర్మాణమే అటకెక్కింది.

మన దగ్గర మాత్రం ఏం జరిగింది? 1843లోనే చట్టం బానిసత్వాన్ని గుర్తించడం మానేసింది. పడియాళ్ల బతుకు మారలేదు. తిరువళ్లూరు అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలోని తాలూకా. ఆ జిల్లా కలెక్టర్ ట్రెమెన్‌హీర్ దళితుల దుస్థితిపై నివేదిక రాశారు. దాని ఫలితంగా 1892లో వారికి భూములిచ్చే ఉత్తర్వు వచ్చింది. అవే పంచమి భూములు. వాటిలో చాలా భాగం చేతులు మారిపోయింది. తిరిగి ఇప్పించాలన్న పోరాటం నేటికీ సాగుతూనే ఉంది.

1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అయినా అడ్వాన్సు అనే ఉచ్చు పోలేదు. పెళ్లికో, జబ్బుకో తీసుకున్న నాలుగు డబ్బులు తీరవు. లెక్క యజమాని చేతిలో ఉంటుంది. ఇంటిల్లిపాదీ మట్టి పిసకాల్సిందే. ఈ ఉచ్చులో ఎక్కువగా చిక్కేది ఇరులర్లు.

విడిపించినవారికి తక్షణ సాయం 30 వేల రూపాయల వరకు ఇవ్వొచ్చు. పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షల సాయమూ పథకంలో ఉంది. కానీ ఆ పెద్ద మొత్తం కేసు విచారణతో ముడిపడింది. కేసు తేలేదాకా కడుపు ఆగుతుందా? మళ్లీ అడ్వాన్సే గతి.

ఇక్కడ సరిహద్దు చిక్కు కూడా ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత మారింది గానీ కూలికి పోయే దారి మారలేదు. నగరి వైపు నుంచి వచ్చిన కుటుంబాన్ని తిరుత్తణిలో విడిపిస్తే, పత్రం ఇచ్చేది తమిళనాడు. ఇల్లు, రేషన్ కార్డు ఇవ్వాల్సింది ఆంధ్రా. ఫైలు సరిహద్దు దాటేలోపు మేస్త్రీ వాళ్ల గుమ్మం తొక్కుతాడు.

దారి లేకపోలేదు. విడిపించిన కూలీలే యజమానులుగా ఇటుకలు తయారుచేసే యూనిట్‌ను ఈ జిల్లాలోనే మెయ్యూరులో పెట్టించారు. ఒక్క మెయ్యూరుతో సరిపోదు. విడుదల పత్రంతో పాటే ఇంటి పట్టా, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు అందేలా రెండు రాష్ట్రాల అధికారులు ఒక్కచోట కూర్చోవాలి. భూమి లేని స్వేచ్ఛ ఎన్నాళ్లు నిలుస్తుందో 1865 చెప్పింది, 1892 చెప్పింది. ఇంకోసారి చెప్పించుకోవాలా?